గంటస్తంభం వెనక సందులో సున్నం వాసన

మొన్న తొలేళ్ళ రోజు, అంటే మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగకి ముందురోజు, పొద్దున్న గంటస్తంభం దగ్గర ఆటో దిగి, అమ్మ చెప్పిన పసుపు, కుంకం, గాజులు కొందామని వెనక సందులోకి తిరిగాను. నాలుగడుగులు వేసానో లేదో ముక్కుకి ఒక వాసన తగిలింది. తడి సున్నం, నానిన కరక్కాయ, బెల్లం నీళ్ళు మూడూ కలిసిన వాసన. పులుపూ కాదు తీపీ కాదు, వగరుగా, ముక్కులో సన్నగా గుచ్చుతున్నట్టు. ఆ వాసన చూసి ఎన్నేళ్ళయిందో. పండగ హడావిడిలో జనం నన్ను తోసుకుని వెళ్ళిపోతున్నారు, నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. మా నాన్న చొక్కా వాసన అది.

నాన్న తాపీ మేస్త్రి. దాసన్నపేటలో ఉండీవాళ్ళం. అమ్మ పెళ్ళికి ముందు నాన్న పనిచేసే చోటకే కూలికి వచ్చీదట, అక్కడే ఆయన్ని చూసి అక్కడే ఒప్పుకుందట, ఈ కథ మా ఇంటికి ఎవరొచ్చినా అమ్మ చెప్తూనే ఉంటుంది. మాకు సెలవులంటే అమ్మమ్మ ఊరు కాదు, నాన్న పనిచేసే ఇల్లే. అప్పటికే సిమెంటు బాగా వచ్చేసింది గానీ ఊరి మధ్యలో పాత షావుకార్ల మేడలు చాలా ఉండీవి, వాటికి రిపేరు వస్తే సున్నంతోనే చెయ్యాలని పట్టుబట్టే పెద్దవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. వాళ్ళ కోసం నాన్న పెరట్లో గానుగ పెట్టించీవాడు. నూనె గానుగ అనుకునేరు, సున్నం గానుగ వేరు. నేల మీద గుండ్రంగా రాళ్ళతో కాలవలా కట్టి, మధ్యలో గుంజ పాతి, ఆ గుంజకి కట్టిన వాసానికి పెద్ద రాతి చక్రం తగిలించి ఎద్దు చేత లాగించడమే. సముద్రం వైపు నుంచి బళ్ళ మీద గుల్ల సున్నం వచ్చీది, దాన్ని తొట్టిలో నీళ్ళు పోసి రోజుల తరబడి మగ్గబెట్టీవారు, నీళ్ళు పోయగానే బుస్సుమని పొగలు కక్కీది, పిల్లల్ని దగ్గరికి రానిచ్చీవారు కాదు. మగ్గిన సున్నం ఒక పాలు, ఇసక మూడు పాళ్ళు కాలవలో పోస్తే చక్రం తిరుగుతూ ఉండీది.

ఎద్దు వెనక తిరగడం నా పని. మధ్యాన్నం ఎండలో అలా గుండ్రంగా తిరుగుతూ ఉంటే నిద్ర ముంచుకొచ్చీది, కానీ చక్రం చప్పుడు వింటూ ఉండమనీవాడు నాన్న. మొదట్లో గరగరమని ఇసక నలిగీది, గంట గడిచేసరికి ఆ గరగర తగ్గి మెత్తగా అయ్యీది, ఇంకాసేపటికి చప్పుడే ఉండీది కాదు, చక్రం వెన్నలో తిరుగుతున్నట్టు. నాన్న ఎక్కడో మేడ మీద గోడ కడుతూ ఉండి, కిందకి చూడకుండానే "సాలురా, ఆపు" అని కేకేసీవాడు. అంత దూరం నుంచి ఆయనకెలా తెలిసీదో నాకు అప్పుడు అర్థం కాలేదు. తెలియడానికి ఏముంది, చప్పుడు ఆగడమే ఆయన వినీవాడు.

"సిమెంటుది కోపం రా, పొద్దున్నేస్తే సాయంత్రానికి బిగిసిపోద్ది. సున్నం అలాక్కాదు, గాలి తాగుతా తాగుతా ఏళ్ళ తరబడి గట్టిపడతాది" అనీవాడు. తర్వాత పాలిటెక్నిక్‌లో సివిల్ చదివినప్పుడు, సున్నం గాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుని మెల్లిగా మళ్ళీ సున్నపురాయి అయిపోతుందని లెక్చరర్ చెప్తే క్లాసులో నాకొక్కడికే ఒళ్ళు జల్లుమంది. గాలి తాగడమంటే నిజంగా తాగడమే అన్నమాట.

అన్నిటికన్నా పెద్ద పని మేడ కొట్టడం. ఇప్పటి పిల్లలకి స్లాబ్ అంటే ఒక్క రోజులో మిక్సర్ పెట్టి పోసేసేది. అప్పటి మద్రాసు టెర్రస్ అలా కాదు, బర్మా టేకు దూలాల మీద సన్న ఇటుకల్ని నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చుకుంటూ పోయి, దాని మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి మందంగా పరిచీవారు. ఆ పరిచినదాన్ని కొట్టాలి. ఇరవై మంది ఆడవాళ్ళు రెండు వరసల్లో ఎదురెదురుగా గొంతుక్కూచుని, చేతుల్లో చెక్కలతో ఒకే దరువులో కొట్టుకుంటూ పక్కకి జరుగుతూ పోయీవారు. మధ్యలో ఒకామె కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చిలకరిస్తూ ఉండీది. దరువు తప్పకుండా ఉండడానికి పాట. పాట ఎత్తుకునేది మా అమ్మ. పాటలో మేస్త్రి పేరు, షావుకారు పేరు, ఆ రోజు కూలి ఆలస్యం చేసిన గుమస్తా పేరు, అన్నీ వచ్చీవి, కింద బజారులో జనం నవ్వుకుంటూ వినీవారు. మూడు రోజులు కొట్టీవారు. మొదటి రోజు చెక్క పడితే బొద్దుగా, తడి గుడ్డని బండకేసి కొట్టినట్టు ఉండీది. మూడో రోజుకి ఇత్తడి బిందె మీద వేలితో కొట్టినట్టు మోగీది. ఆ మోత వచ్చిందో లేదో చెప్పేది కూడా అమ్మే. నాన్న మేస్త్రే గానీ ఆ ఒక్క విషయంలో అమ్మ చెవి మీదే ఆధారపడీవాడు.

ఆ మేడల మీంచి ఊరు ఎలా కనపడీదంటే, ఇటు గంటస్తంభం, ఎనిమిది పలకలుగా, 68 అడుగుల ఎత్తున, అటు కోట బురుజులు, ఇంకాస్త దూరంలో పెద్దచెరువు నీళ్ళు. గంట కొడితే పనివాళ్ళంతా చెక్కలు కింద పెట్టి అంబలి తాగీవారు. ఎవరి చేతికీ వాచీ లేదు, ఊరికంతటికీ అదే వాచీ.

సాయంత్రం పని అయ్యాక నాన్న నన్ను భుజమ్మీద ఎక్కించుకుని బజారంతా తిప్పుకుంటూ ఇంటికి తీసుకొచ్చీవాడు. ఇత్తడి సామాన్ల కొట్లు, గాజుల కొట్లు, కుట్టుమిషన్ల చప్పుడు, జట్కా గుర్రాల వాసన. కానీ నాకు బాగా గుర్తున్నది కొట్లు కాదు, కొట్ల పైన. ప్రతి కొట్టు పైనా ఒక కాపురం ఉండీది. చెక్క కటకటాల వరండాల్లో ఆడవాళ్ళు నిలబడి వీధికి ఈవైపు నుంచి ఆవైపుకి మాట్లాడుకునీవారు, "ఒదినా, ఏటి వండేరీ పూట" అంటే ఎదురు మేడ మీంచి జవాబు. బుట్టకి తాడు కట్టి కిందకి దించితే కొట్టువాడు ఉప్పో పప్పో వేసి పంపీవాడు. రాత్రి కొట్లు మూసేసినా పైన దీపాలుండీవి, రేడియో వినపడీది, పిల్లలు ఎక్కాలు చదువుతూ ఉండీవారు. అర్ధరాత్రి రైలు దిగి ఒంటరిగా నడిచొచ్చే ఆడమనిషికైనా ఆ వీధిలో భయం లేదని అమ్మ ఇప్పటికీ అంటుంది.

సంగీత కాలేజీ ముందు నుంచి వెళ్తే నాన్న నడక నిదానమయ్యీది. 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పినది, ఘంటసాల, సుశీల చదువుకున్నది అక్కడే. ఇవన్నీ నాన్నకి తెలుసో తెలీదో నాకు తెలీదు, ఆయనకి మాత్రం ఆ కిటికీల్లోంచి వచ్చే సరళీ స్వరాలు వినాలి, అంతే. కోట విషయమూ అంతే. 1713లో శంకుస్థాపన చేసిన కోట, ఒక్కో వైపు 240 మీటర్లు, 10 మీటర్ల ఎత్తు గోడలు. ఇలాంటి కోటలు దేశంలో ఎన్ని పాడుబడిపోలేదు? మాది ఎందుకు పాడుబడలేదంటే లోపల కాలేజీలున్నాయి కాబట్టి. 1958లో ఆ రాజవంశపు పీవీజీ రాజు గారు మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటని చదువుకి ఇచ్చేసారు, అప్పట్నించి పొద్దున్నే ఆ నగారఖానా గుమ్మంలోంచి పుస్తకాలు గుండెలకి హత్తుకుని ఆడపిల్లలు వెళ్తూనే ఉన్నారు. రోజూ తలుపు తీసే ఇంటికి చెదపట్టదని నాన్న అనీవాడు, ఆ కోటని చూస్తే అది నిజమే అనిపిస్తుంది.

తర్వాత ఏమైందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అన్ని ఊళ్ళలో జరిగిందే. 1979లో జిల్లా వచ్చింది, ఆఫీసులన్నీ కంటోన్మెంట్ వైపు, ఇళ్ళు రింగు రోడ్డు వైపు. మేడల మీది పిల్లలు విశాఖపట్నమో హైదరాబాదో వెళ్ళిపోయారు, పెద్దవాళ్ళు పోయారు. కొట్లు మాత్రం ఉన్నాయి, వ్యాపారం కూడా బాగానే ఉంది, కానీ పై గదులు గోడౌన్లు అయిపోయాయి. అట్టపెట్టెలు కిటికీల దాకా పేర్చేసారు. ఏళ్ళ తరబడి కిటికీ తియ్యని గది ఎలా ఉంటుందో తెలుసుగా, చెమ్మ, బూజు, గోడలకి ఉప్పు. ముందువైపు మాత్రం ఏసీపీ షీట్లు, అదే మెరిసే అల్యూమినియం పలకలు, కొట్టి పెద్ద పెద్ద బోర్డులు పెట్టారు, ఆ షీట్ల వెనక మా నాన్న లాంటివాళ్ళు ఒక్కో పువ్వూ తాపీ మొనతో చెక్కిన గచ్చు పనంతా ఉంది. రాత్రి తొమ్మిదింటికి షట్టర్లు పడితే పైన ఒక్క దీపం ఉండదు. ఊరి నడిబొడ్డు చచ్చిపోయిందని అందరూ కొట్ల గురించి బాధపడ్డారు గానీ, నన్నడిగితే అది పై అంతస్తుల్లో దీపాలు ఆరిపోయిన రోజునే మొదలైంది.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెప్పాలి, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

డిప్లొమా అయ్యాక ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్‌గా చేరాను. మొదటి పనే ఊరి మధ్యలో ఒక పాత ఇంటికి. గోడలు పెచ్చులూడుతున్నాయి, పాతది చెక్కేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేసి కొత్తగా కనపడేలా చెయ్యమన్నారు. నాన్నకి చెప్తే "ఒద్దురా, ఆ గోడకి సిమెంటు పడదు, సున్నంతోనే పూయించు" అన్నాడు. నేను ఇరవై రెండేళ్ళ వాడిని, చేతిలో డిప్లొమా ఉంది, "నాన్నా నువ్వూరుకో, సిమెంటు కన్నా గట్టిదేముంది" అన్నాను. నాన్న ఇంకేం మాట్లాడలేదు. పని బాగానే వచ్చింది, ఇల్లు తళతళలాడింది, నాకు జీతం పెంచారు. రెండు వానాకాలాలు గడిచాయి. నేల్లోంచి గోడలోకి చెమ్మ ఎక్కుతుంది కదా, సున్నం గోడైతే ఆ చెమ్మని బయటికి వదిలేస్తుంది, మేము పైన సిమెంటు మూత పెట్టేసాం. లోపలే ఉండిపోయి, ఉప్పు పట్టి, ఇటుక ముఖాన్ని తినేసింది. ఒక రోజు గోడలోంచి తలుపంత పెచ్చు ఒక్కసారిగా ఊడి పడింది, ఇటుకలు పొడి పొడిగా రాలుతున్నాయి. కబురొస్తే నాన్నని కూడా తీసుకెళ్ళాను. ఆయన నన్ను తిట్టలేదు. గోడకి అరచెయ్యి ఆనించి చాలాసేపు అలా ఉండి, "దీనికి ఊపిరాడనేదురా" అన్నాడు. అంతే. తర్వాత ఏడాదిలో ఆ ఇంటిని పడగొట్టేసారు, పాడైపోయిన ఇల్లు కదా అన్నారు. దాన్ని పాడుచేసింది నేను.

నాన్న పోయాడు. నేను హైదరాబాదు వచ్చేసాను, అపార్ట్‌మెంట్లు కట్టించాను, అంతస్తు మీద అంతస్తు. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్ళో పాత పెంకుటిళ్ళు ఎన్ని పోయాయో ఫోన్లో అమ్మ చెప్తూ ఉంటే విన్నాను. 2020లో మూడులాంతర్ల కూడలి దగ్గరి పాత స్తంభం తీసేసారని తెలిసిన రోజు అమ్మ అన్నం తినలేదు. సిరిమాను నాడు నాన్న భుజమ్మీద కూచుని ఆ లాంతర్ల దగ్గరే నేను చూసీవాణ్ణి. ముందు పాలధార, బెస్తవారి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం వచ్చీవి, ఆ వెనక చింతమాను చివర పూజారి గారు ఊగుతూ వస్తూ ఉంటే జనం అరటిపళ్ళు విసిరీవారు. నా చేతికి అందింది నేనూ విసిరీవాణ్ణి, నాన్న తల మీద పడీది. పైడితల్లమ్మ గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగీదాకా నన్ను దించీవాడు కాదు.

హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్ బాగుచేసినప్పుడు మాత్రం పని మధ్యలో వీలు దొరికినప్పుడల్లా వెళ్ళి నిలబడీవాణ్ణి. 1935లో కట్టిన రాతి మార్కెట్, దానికీ ఒక గడియారం ఉంది. పైన పూసిన చెత్తంతా వలిచేసి రాయిని బయటపెట్టారు, 2020లో మళ్ళీ తెరిచారు. నాకు నచ్చింది ఏంటంటే, ఐస్‌క్రీం కొట్లు అక్కడే ఉన్నాయి, సాయంత్రం పిల్లాపాపలతో జనం వచ్చి మధ్య వాకిట్లో కూచుంటున్నారు. అది చూసినప్పుడల్లా మా గంటస్తంభం వీధే గుర్తొచ్చీది.

అందుకే మొన్న ఆ వాసనకి కాళ్ళు ఆగిపోయాయి. వాసన వెంటే వెళ్తే ఒక పాత షావుకారు గారి మేడ. ముందు ఏసీపీ షీట్లు ఊడదీసి గోడకి చేరవేసున్నాయి, చెక్క వరండా బయటపడింది. లోపల నలుగురు తాపీ వాళ్ళు. షావుకారు గారి మనవడట, పాతికేళ్ళుంటాయి, "పడగొట్టేద్దామనే అనుకున్నాం అంకుల్, కానీ దూలాలు చూస్తే మనసొప్పలేదు, టేకు, ఒక్కదానికీ చెద లేదు" అన్నాడు. కింద బట్టల కొట్టు అలాగే ఉంచి, పైన ఆరు గదులు బాగుచేసి ఉద్యోగాలు చేసుకునే అమ్మాయిలకి అద్దెకిస్తారట. మెడికల్ కాలేజీ వచ్చింది, భోగాపురంలో ఎయిర్‌పోర్టు వస్తోంది, గదులు దొరక్క ఇబ్బంది పడుతున్నారట. పక్కన ఖాళీ స్థలంలో వాళ్ళ బాబాయి కొత్తగా ఐదంతస్తులు లేపుతున్నాడు, సెల్లార్‌లో పార్కింగ్, కింద నాలుగు షాపులు, పైన ఫ్లాట్లు. దాన్ని కూడా కింది నుంచి పైదాకా చూసాను. కొత్తదంటే నాకు కోపం లేదు, నా అన్నం అదే. షాపులు వీధి అంచుకే పెట్టాడు, పాత వరసని చెడగొట్టలేదు, పైన మనుషులుంటారు. బాల్కనీలు వీధి వైపే. నాకు చాలా సంతోషమేసింది, ఆ బాల్కనీల్లోంచి మళ్ళీ ఎవరో ఒదిననో అప్పనో పిలుస్తారు.

పాత మేడలో మేస్త్రి కుర్రాడు పాలకొండ వైపు వాడు. మేడ మీద ఒక మూల కూలిపోతే అక్కడ మళ్ళీ సున్నంతోనే పరవాలని చూస్తున్నాడు, ఎక్కడో ట్రైనింగ్‌లో నేర్చుకున్నాడట, కానీ చేతికి అలవాటు లేదు. గానుగ లేదు, మోటారు గ్రైండర్. డ్రమ్ము మూత తీసి చూపించి, "బావూ, కరక్కాయ నీళ్ళు నానేసి ఎనిమిది రోజులయింది, ఇంక వాడొచ్చంటారా?" అనడిగాడు. నేను సివిల్ వాణ్ణి, మేస్త్రి కొడుకుని, నాకు తెలీలేదు. అమ్మకి ఫోన్ చేసాను.

"నురగేసిందా?"

"ఏసిందమ్మా."

"నురగ పొంగుతోందా, అణిగిపోనాదా?"

"ఇంకా పొంగుతోంది."

"అయితే ఇంకా అవనేదు. రెండ్రోజులాగమను. అణిగేక వడకట్టి వాడుకోమను. ఎవరి మేడరా అది?"

చెప్పాను. అటువైపు కాసేపు మాట లేదు. "అది మేం కొట్టిందేరా" అంది.

నేను బుధవారం బయల్దేరాలి, సెలవు పెంచుకున్నాను. సిరిమాను అయిపోయాక గురువారం పరిచారు, శుక్ర, శనివారాలు కొట్టడం. కొట్టడానికి ఎనిమిది మంది ఆడవాళ్ళు దొరికారు, పాట ఎవరికీ రాదు, ఒకమ్మాయి సెల్‌ఫోన్‌లో ఏదో పాట పెట్టింది, దరువు దానికి కుదిరీ కుదరనట్టు ఉంది. శనివారం సాయంత్రం మేస్త్రి అయిపోయిందన్నాడు, గట్టిగానే ఉంది, నేను కూడా కాలితో తొక్కి చూసాను, బాగానే ఉందనుకున్నాను.

అమ్మని తీసుకెళ్ళాను. మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది, నాలుగు మెట్లకోసారి ఆగి గోడ మీద చెయ్యేసి నిలబడింది. పైకొచ్చాక గంటస్తంభం వైపు ఒకసారి చూసింది. ఒకామె చేతిలోంచి చెక్క తీసుకుని, మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా కూచుంది. సెల్‌ఫోన్ ఆపమంది. ఒక చోట కొట్టి తల వంచి వింది. కొంచెం జరిగి ఇంకో చోట కొట్టింది. మూల దాకా వెళ్ళి అక్కడ రెండుసార్లు కొట్టింది. మేస్త్రి కుర్రాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

"ఈ మూల ఇంకా పచ్చిగుందిరా బాబూ" అంది. "రేపు కూడా కొట్టండి. నానొస్తాను."